మారిన బల్ల: లినక్సు డెస్క్‌టాప్ చరిత్రలో ఒక ఘట్టము

ఒక గుమాస్తా పది సంవత్సరములుగా ఒకే బల్లవద్ద పనిచేయుచున్నాడనుకొందము. సిరాబుడ్డి కుడివైపున, దస్త్రముల కట్ట ఎడమవైపున, రబ్బరు ముద్ర పై సొరుగులో ఉండును. తల యెత్తకయే చేయి చాచి దేనినైనను అందుకొనగలడు. ఒకనాటి ఉదయము కచేరికి వచ్చునప్పటికి ఆ బల్ల లేదు. దాని స్థానమున నునుపైన క్రొత్త బల్ల యున్నది. దానిమీద ఏ వస్తువును కానరాదు. ఒక మూలను తాకినచో అన్నియు ఒక్కసారిగా పైకి వచ్చునని ప్రక్కనున్నవారు చెప్పుచున్నారు. పని ఆగిపోలేదు, దస్త్రములు పోలేదు. కాని చేతికి మాత్రము దారి తెలియుట లేదు.

2011వ సంవత్సరము ఏప్రిల్ 6వ తేదీన గ్నోమ్ 3 అను డెస్క్‌టాప్ వెలువడినప్పుడు లినక్సు కంప్యూటర్లపై దినదినము పనిచేయు అనేకులకు కలిగిన అనుభవము ఇట్టిదే. అయితే గుమాస్తాకు లేని హక్కు ఒకటి వారికి కలదు. పాత బల్ల నమూనా వారివద్దనే ఉన్నది. కావలసినచో దానిని తామే తిరిగి చేసికొనవచ్చును. కొందరు అట్లే చేసిరి. ఆ హక్కుకు ఎంత వెల చెల్లింపవలసి వచ్చినదో ఈ కథ వలన తెలియును.

డెస్క్‌టాప్ అనగా నేమో ముందుగా గ్రహింపవలెను. తెరమీద కాగితములు, సంచికలు, చెత్తబుట్ట బొమ్మలుగా నుండి, మౌసుతో వానిని జరుపుకొనుచు పనిచేయు ఏర్పాటు ఇది. ఈ భావన అమెరికాలోని పాలో ఆల్టో నగరమున జిరాక్స్ సంస్థవారి పరిశోధనాలయములో రూపుదిద్దుకొన్నది. వారు 1973లో ఆల్టో అను యంత్రమును, 1981లో స్టార్ అను విక్రయ యంత్రమును నిర్మించిరి. 1984లో వచ్చిన మెకింటోష్ దీనిని సామాన్యులకు పరిచయము చేసెను. విండోస్‌లో గాని మెకింటోష్‌లో గాని యంత్రమును నడుపు ప్రోగ్రాము, తెరమీద కనిపించు అమరిక ఒకే కంపెనీ అధీనమున నుండును. ఆ కంపెనీ బల్లను మార్చినచో మారిన బల్లవద్ద కూర్చుండుట తప్ప వేరు దారి లేదు.

లినక్సు నిర్మాణము వేరు. 1991లో ఫిన్లండు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ రచించినది కెర్నెలు మాత్రమే. అనగా జ్ఞాపకశక్తిని, డిస్కును, ఇతర పరికరములను అదుపుచేయు అంతర్భాగము. తెరమీద బొమ్మ గీయు పని దానిది కాదు. ఆ పనికి 1984లో మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో పుట్టిన ఎక్స్ విండో పద్ధతిని వాడుకొనిరి. ఎక్స్ రచయితలు ఒక నియమము పెట్టుకొనిరి. తెరమీద కిటికీలు తెరచుటకు సాధనములు మాత్రమే తాము సమకూర్తురు. ఆ కిటికీలు ఎట్లుండవలెను, ఏ మీటతో మూయవలెను అను నిర్ణయములు ఇతరులకు వదలిరి. ఆ వదలివేతయే తరువాతి వైవిధ్యమునకు, కలహములకు కూడ మూలము. నిర్ణయించువాడు ఒకడు లేనిచోట పదిమంది నిర్ణయింతురు.

1996 నాటికి ఒక్కొక్క ప్రోగ్రాము ఒక్కొక్క తీరున కనిపించుచుండెను. ఒకదానిలో మెనూ పైన నుండును, మరియొకదానిలో మౌసు నొక్కినచోట తెరచుకొనును. జర్మనీలోని ట్యూబింగెన్ విశ్వవిద్యాలయ విద్యార్థి మథియాస్ ఎట్రిష్ ఆ సంవత్సరము అక్టోబరు 14వ తేదీన, అన్ని ప్రోగ్రాములకు ఒకే రూపమునిచ్చు డెస్క్‌టాప్ నిర్మింతము రమ్మని ఇతరులను ఆహ్వానించెను. అదియే కె.డి.ఇ. అయితే దానికి పునాదిగా గైకొన్న క్యూటీ అను సాధన సంపుటము నార్వే కంపెనీ ఒకదాని సొత్తు. దాని లైసెన్సు అప్పటికి పూర్ణ స్వేచ్ఛనిచ్చునది కాదు. ఈ కారణముచేత 1997 ఆగస్టులో మెక్సికో దేశస్థులు మిగ్వేల్ దె ఇకాసా, ఫెదెరికో మేనా అనువారు గ్నోమ్‌ను ప్రారంభించిరి. 2000 సంవత్సరములో క్యూటీ కూడ స్వేచ్ఛా లైసెన్సు క్రిందికి వచ్చినది. తగవునకు హేతువు తొలగినను రెండు కుటుంబములు నిలిచిపోయినవి. 1996లో ఫ్రెంచివాడు ఒలివియే ఫూర్దాఁ ఆరంభించిన ఎక్స్‌ఎఫ్‌సిఇ అను చిన్న డెస్క్‌టాప్ ఒక మూల నిశ్శబ్దముగా పెరుగుచుండెను. దాని పేరు మరల వచ్చును.

2002 జూన్‌లో వెలువడిన గ్నోమ్ 2 లినక్సు ప్రపంచమున చిరకాలము వర్ధిల్లినది. అంతకు ముందటి సంవత్సరము సన్ మైక్రోసిస్టమ్స్ కంపెనీవారు కొందరిని గ్నోమ్ ముందు కూర్చుండబెట్టి, వారు ఎక్కడ తడబడుచున్నారో పరీక్షించిరి. తరువాత రూపకర్తలు అనవసరమైన ఎంపికలను తొలగించి, వ్రాతపూర్వకమైన నియమావళి నేర్పరచుకొనిరి. తెరపై అంచున ఒక పట్టీ, అందు మెనూలు. క్రింది అంచున మరియొక పట్టీ, అందు తెరచియున్న కిటికీల పేర్లు. ఇంతే. తొమ్మిది సంవత్సరములు ఈ అమరిక కదలలేదు. 2004లో ఉబుంటు దీనినే స్వీకరించెను. మన దేశమున సి-డాక్ వారు చెన్నైలో రూపొందించి 2007లో విడుదల చేసిన బాస్ లినక్సు సైతము గ్నోమ్‌నే గైకొన్నది.

తెలుగు చదువరులకు గ్నోమ్ 2 మరియొక విధముగా గూడ ముఖ్యమైనది. అందు పాంగో అను భాగము కలదు. గ్రీకు భాషలో సర్వమును తెలుపు 'పాన్', జపాను భాషలో భాష యను అర్థముగల 'గో' చేర్చి ఈ పేరు పెట్టిరి. యూనికోడ్‌లో 'స్త్రీ' అను అక్షరము సకారము, పొల్లు, తకారము, పొల్లు, రేఫ, దీర్ఘము అను వరుసలో ఆరు సంకేతములుగా నిలువ యుండును. వీనిని ఉన్నవి ఉన్నట్లు వరుసగా గీసినచో తెలుగు కాదు. తకారమును వత్తుగా మార్చి క్రిందికి దింపవలెను, రేఫను క్రారవడిగా చుట్టవలెను, గుడిదీర్ఘమును సకారమునకు తగిలింపవలెను. పాంగో ఈ కూర్పు చేయగలిగెను. కావున ఏ ఒక్క ప్రోగ్రాము రచయితయు తెలుగు నెరుగకున్నను, గ్నోమ్ సాధనములతో వ్రాసిన ప్రతి ప్రోగ్రాములోను తెలుగు కనిపింపసాగెను. మెనూలను తెలుగులోనికి మార్చు పనిని స్వచ్ఛంద అనువాదకులు చేపట్టిరి.

పెద్ద తుపానునకు ముందు చిన్నది ఒకటి వచ్చినది. 2008 జనవరి 11వ తేదీన కె.డి.ఇ. 4.0 విడుదల యయ్యెను. లోపలి నిర్మాణమంతయు క్రొత్తది. అయితే పాతదానిలోని అనేక సౌకర్యములు దానిలోనికి ఇంకను చేరలేదు. ప్రోగ్రాములు వ్రాయువారు ఈ క్రొత్త పునాదిపై పని ప్రారంభింపవలెనని దానిని విడుదల చేసితిమి, దినసరి వాడుకకు కాదు అని నిర్మాతలు చెప్పిరి. కాని 4.0 అను అంకెను చూచినవాడు అది పూర్తియైన వస్తువే యనుకొనును గదా! తప్పు నిర్మాణములో కంటె ఆ అంకెలో ఎక్కువగా నున్నది. 2005లో గ్నోమ్‌ను తూలనాడి కె.డి.ఇ. వాడుడని పదిమందికి చెప్పిన టోర్వాల్డ్స్, ఈ మార్పుతో విసిగి తాను గ్నోమ్‌కు మారితినని 2009లో ప్రకటించెను. గ్నోమ్ 2 అచ్చట మరి రెండేండ్లు మాత్రమే నిలిచినది.

గ్నోమ్ 3లో రెండు మెనూ పట్టీల అమరిక పోయినది. క్రింద కిటికీల పేర్ల వరుస లేదు. డెస్క్‌టాప్‌పై ఫైళ్ళ బొమ్మలు లేవు. కిటికీని చిన్నదిగాను పెద్దదిగాను చేయు గుర్తులు శీర్షికనుండి తొలగి, మూయు గుర్తు ఒక్కటి మిగిలినది. యంత్రమును ఆపు ఆజ్ఞ కూడ ఆల్ట్ మీట నొక్కిపట్టిననే గాని మెనూలో కానరాకుండెను. పని ముగించి యింటికి పోవువాడు ముందుగా వెదకునది దానినే! అన్ని పనులకు ద్వారము ఎడమవైపు పై మూల. మౌసును అచ్చటికి తోసినచో, లేక సూపర్ మీట నొక్కినచో, తెరచియున్న కిటికీలన్నియు చిన్నవై తెరమీద పరచుకొనును. అక్షరములు టైపు చేసి కావలసిన ప్రోగ్రామును పిలువవచ్చును.

ఇది నిర్హేతుకమైన మార్పు కాదు. పాత అమరికలో పట్టీలు, గుర్తులు నిరంతరము కంటిముందు కదలుచు పనినుండి దృష్టి మరల్చునని రూపకర్తల వాదము. పనిచేయునప్పుడు పని మాత్రమే కనిపింపవలెను, వెదకునప్పుడు అన్నియు కనిపింపవలెను. మూలను ఎన్నుకొనుటలో కూడ శాస్త్రము కలదు. 1954లో అమెరికా మనస్తత్త్వ శాస్త్రజ్ఞుడు పాల్ ఫిట్స్ చేతి కదలికలపై ఒక సూత్రమును ప్రకటించెను. గురిని చేరుటకు పట్టు కాలము, గురికి గల దూరము, గురి వెడల్పు అను రెంటి నిష్పత్తినిబట్టి మారును. గురి 16 సెంటీమీటర్ల దూరమున, ఒక సెంటీమీటరు వెడల్పున ఉన్నదనుకొనుడు. దూరమును రెట్టించి వెడల్పుచే భాగింపగా 32 వచ్చును. రెండును ఐదు పర్యాయములు గుణించినచో 32 గనుక, దాని కష్టము ఐదు. గురిని రెండు సెంటీమీటర్లు చేసినచో నిష్పత్తి 16, కష్టము నాలుగు. గురి పెద్దదైనకొలది కష్టము తగ్గును. ఇక తెర మూల సంగతి విచిత్రమైనది. మౌసును ఎంత దూకుడుగా తోసినను బాణపు గుర్తు తెర దాటిపోలేదు, మూలలోనే నిలుచును. కనుక ఆ దిక్కున గురికి అంతులేని వెడల్పు ఉన్నట్లే లెక్క. గురి చూడకయే కొట్టదగిన స్థలములు తెరమీద నాలుగే కలవు. వానిలో ఒకదానిని గ్నోమ్ తన ముఖ్యద్వారముగా జేసికొనెను.

మరి ఇంత కలత యేల? ఫిట్స్ సూత్రము చేయి ప్రయాణమును మాత్రమే కొలుచును, అలవాటును కొలువదు. సైకిలు తొక్కుట నేర్చినవాడు మూడు చక్రముల రిక్షా నెక్కినచో, ఏమియు నేర్వనివానికంటె ముందుగా తడబడును. నేర్చిన విద్యయే అడ్డము వచ్చును. తొమ్మిదేండ్లు క్రింది పట్టీవైపు పోయిన చేయి, ఆ పట్టీ లేదని మనస్సునకు తెలిసినను, అచ్చటికే పోవును. క్రొత్తది వేగవంతమో కాదో తేలవలెనన్న ఈ పాత దారి చెరిగిపోవువరకు ఓర్చుకొనవలెను. మొదటి గంటలో చెప్పిన తీర్పు డెస్క్‌టాప్‌ను గూర్చినది కాదు, చెప్పినవాని గతమును గూర్చినది.

ఓర్చుకొని చూచుటకు లినక్సులో మంచి వసతి కలదు. ఒకే యంత్రములో రెండు మూడు డెస్క్‌టాప్‌లను ఉంచుకొని, సంకేతపదము నిచ్చు తెరవద్ద ఈ దినమునకు ఏది కావలెనో ఎన్నుకొనవచ్చును. ఏది యెన్నుకొన్నను ఉత్తరములు, ఫైళ్ళు, లెక్కలు చోటు మారవు. డిస్కును తాకకుండ సి.డి. నుండియే మొత్తము వ్యవస్థను నడుపు ఏర్పాటును జర్మన్ ఇంజనీరు క్లౌస్ క్నాపర్ 2000లోనే క్నాపిక్స్ పేర ప్రచారము చేసెను. తీరుబడి వేళ మెనూలు తెరచి మూసినంత మాత్రమున ప్రయోగము కాదు. తొందరలో ఒక కాగితమును అచ్చు తీయవలెను, పదిమంది యెదుట ప్రొజెక్టరు తగిలింపవలెను, రెండు దస్త్రములను ప్రక్కప్రక్కన పెట్టి సరిచూడవలెను, ఇంగ్లీషు వాక్యము నడుమ తెలుగు పేరు టైపు చేయవలెను. తెలుగు టైపునకు వాడు ఐబస్ సాధనము గ్నోమ్‌లో అంతర్భాగమైనది 2012 సెప్టెంబరులో, 3.6వ విడుదలతో. అంతకు ముందు అది వెలుపలి సాధనముగా నుండెను. ఇట్టివి చిన్న విషయములని తోచును గాని, దినమునకు వంద పర్యాయములు లిపి మార్చువానికి డెస్క్‌టాప్ అన్నను అదియే, దాని గుణమన్నను అదియే.

అందరికి ఈ ఓర్పు సాధ్యము కాలేదు. క్రొత్త తెరకు త్రిమితీయ చిత్రములు గీయగల ఉపకరణము అవసరమయ్యెను. అది లేని పాత యంత్రములకు పాత రూపమును పోలిన ఒక ప్రత్యామ్నాయమును మొదట ఇచ్చిరి గాని, 2013 మార్చిలో 3.8వ విడుదలతో దానిని తీసివేసిరి. టోర్వాల్డ్స్ 2011లోనే మరల బల్ల మార్చి ఎక్స్‌ఎఫ్‌సిఇ చేరెను. ఉబుంటువారు గ్నోమ్ 3 తెరను స్వీకరింపక, యూనిటీ యను స్వంత తెరను 2011 ఏప్రిల్ 28న అందరికి పెట్టిరి. ఒక నెలలో రెండు క్రొత్త బల్లలు! పాతది కావలెనన్నవానికి పెద్ద సంస్థలవద్ద తావు లేకపోయెను.

అప్పుడు పెర్బెరోస్ అను మారుపేరు గల అర్జెంటీనా దేశస్థుడొకడు గ్నోమ్ 2 సోర్సు కోడును, అనగా మనుష్యులు చదువదగిన రూపముననున్న ప్రోగ్రామును, యథాతథముగా గైకొని వేరు పేరున నడుపనారంభించెను. పేరు మాటే. తెలుగు చెవికి మన మాటగానే వినిపించును గాని, అది దక్షిణ అమెరికాలో తేనీటివలె కాచి త్రాగు ఆకు పేరు. గ్నోమ్ 3తోబాటు ఒకే యంత్రములో ఇమడవలెనన్న పేర్లు కలియరాదు. కనుక ప్రతి భాగమునకు నామకరణము జరిగినది. ఫైళ్ళు చూపు నాటిలస్ కాహా యయ్యెను. స్పానిష్ భాషలో పెట్టె యని అర్థము. వ్రాతపనికి వాడు జెడిట్ ప్లూమా, అనగా కలము. పుస్తకములు చూపు ఎవిన్స్ ఆత్రిల్, అనగా వ్యాసపీఠము. లైసెన్సు అనుమతించినది గనుక ఎవరి సెలవును అక్కరలేకపోయెను.

లినక్సు మింట్ నిర్వాహకుడు క్లెమెంట్ లెఫెవ్ర్ వేరు మార్గము త్రొక్కెను. పాత పునాది యెన్నాళ్ళో నిలువదని తలచి, గ్నోమ్ 3 పునాదినే యుంచుకొని, దానిపై పాత ముఖమును గీయించెను. అదియే సినమన్, మన దాల్చినచెక్క. 2013 అక్టోబరులో వచ్చిన 2.0వ విడుదలతో అది గ్నోమ్ నుండి వేరై స్వతంత్రమైనది.

ఈ రెంటిలో లెఫెవ్ర్ అంచనా దూరదృష్టి గలదని తరువాతి చరిత్ర తెలిపినది. మాటే వారు నిలుపుకొన్నది ముఖము గాని, దాని క్రింది జి.టి.కె. 2 అను సాధన సంపుటము నానాటికి పాతబడుచుండెను. వారు ఒక్కొక్క భాగమును జి.టి.కె. 3పైకి మార్చి, 2017 మార్చిలో 1.18వ విడుదలతో ఆ పని ముగించిరి. ఉన్నది ఉన్నట్లు కనిపించుటకు లోపల సర్వమును తిరిగి పేర్చుకొనవలసి వచ్చినది. వాడుకరి ఉదయము యంత్రము తెరచి ఏ మార్పును గమనింపలేదన్నచో ఆరేండ్ల శ్రమ ఫలించినట్లు. అది పొగడ్త లేని పని.

గ్నోమ్ వారును వెనుకకు పోకపోయినను చెవియొగ్గిరి. యంత్రము నాపు ఆజ్ఞ కనిపించు చోటికి వచ్చినది. 2011 చివర, తెరకు చిన్న చిన్న మార్పులు తగిలించుకొను పొడిగింపులకు ఒక భాండారము తెరచిరి. 3.8లో అట్టి పొడిగింపులతోనే పాత అమరికను పోలిన రూపమొకటి సమకూర్చిరి. టోర్వాల్డ్స్ ఇట్టి పొడిగింపుల సాయముతోనే 2013లో గ్నోమ్‌కు తిరిగి వచ్చెను. పొడిగింపులలో ఒక చిక్కు లేకపోలేదు. ఆరు నెలలకొక విడుదల వచ్చును, వచ్చినప్పుడెల్ల కొన్ని పొడిగింపులు పనిచేయుట మానును.

నష్టపోయినవారిలో ఎవరును లెక్కింపనివారు కూడ కలరు. డెస్క్‌టాప్‌లోని ప్రతి మెనూ మాట, ప్రతి హెచ్చరిక ఒక అనువాద పట్టికలో ఒక పంక్తి. ఎనుబది శాతము పంక్తులు పూర్తియైన భాషనే గ్నోమ్ విడుదల ప్రకటనలు పూర్తిగా అందుబాటులోనున్న భాషగా పేర్కొనుచుండెను. తెర మారినచో మాటలు మారును, పాత పంక్తులు కొన్ని వ్యర్థమగును, క్రొత్తవి ఖాళీగా చేరును. జర్మను, ఫ్రెంచి జట్లకు మనుష్యులు ఎక్కువ. తెలుగువంటి భాషకు పనిచేయువారు కొద్దిమంది. గ్నోమ్ ఒకటి, మాటే ఒకటి, సినమన్ ఒకటి, కె.డి.ఇ. మరియొకటి. చీలిక స్వేచ్ఛయే, సందేహము లేదు. కాని చీలిన ప్రతిచోట 'ఫైలును తెరువుము' అను వాక్యమును ఎవరో మరల సరిచూడవలెను. ఇట్టి సందర్భమున సగము తెలుగు, సగము ఇంగ్లీషు గల మెనూ కనిపించినచో అనువాదకుని సోమరితనమని అనుకొనరాదు.

యూనిటీని ఇక తాము పెంచబోమని ఉబుంటు అధినేత మార్క్ షటిల్‌వర్త్ 2017 ఏప్రిల్ 5వ తేదీన ప్రకటించెను. అక్టోబరులో వచ్చిన 17.10వ విడుదల గ్నోమ్‌కు తిరిగి వచ్చినది. అయితే ఎడమ అంచున యూనిటీలో నుండిన గుర్తుల వరుసను గ్నోమ్‌లో కూడ నిలిపిరి. ఆరేండ్లలో ప్రజల చేతులు అచ్చటికి అలవాటు పడినవి గదా.

2021 మార్చిలో గ్నోమ్ 40 వెలువడెను. పది సంవత్సరములుగా నిలువుగా ఒకదాని క్రింద నొకటిగా నుండిన పనితెరలను అందు అడ్డముగా ప్రక్కప్రక్కన అమర్చిరి. ఎడమనుండిన గుర్తుల వరుస క్రిందికి దిగినది. 2011నాటి క్రొత్త బల్లకు చేతులు అలవడినవారికి ఇప్పుడు అదియే పాత బల్ల. కొలది కాలములోనే పనితెరలను మరల నిలువుగా పేర్చు పొడిగింపులు వచ్చినవి.